ఆట కూడు పెట్టునా?

ఆటలాడి చెడినవారే గాని బాగుపడినవారు లేరని మన పెద్దలు చిరకాలముగా చెప్పుచున్నారు. జనగామలో గాని, మహబూబాబాదులో గాని, భూపాలపల్లిలో గాని యొక కుర్రవాడు ఒడలెల్ల దుమ్ముతో చీకటిపడిన పిదప ఇల్లు చేరినయెడల, తండ్రి మొట్టమొదట అడుగు ప్రశ్న "ఆట కూడు పెట్టునా?" అనునదియే. ఈ ప్రశ్న విని నవ్వువారు కలరు. మేము నవ్వము. పత్తిచేనిలో కూలికి పోయి కొడుకును చదివించు తండ్రికి ఈ మాట అడుగు హక్కు నిండుగా కలదు. అయితే ఆయన ప్రశ్నలో సగమే అడుగుచున్నాడని మా అభిప్రాయము. ఆట కూడు పెట్టును. ఎన్ని యేండ్లు పెట్టును? ఆ మీదట ఎవరు పెట్టుదురు? ఈ రెండవ సగమును గూర్చియే యీ సంచికలో నాలుగు మాటలు వ్రాయ దలచినాము.

ఇప్పుడీ విషయమును ఎత్తుకొనుటకు ఒక కారణము కలదు. 2025వ సంవత్సరము జూను మాసమున ముంబయి నగరమున రగ్బీ ప్రీమియర్ లీగు అను పోటీలు మొదటిసారి జరిగినవి. ఆరు జట్లు ఆడినవి. అందు ఒకదానికి హైదరాబాద్ హీరోస్ అని పేరు. కడకు చెన్నై బుల్స్ అను జట్టు గెలిచినది. ఫీజీ, న్యూజిలాండు మొదలగు దూరదేశముల ఆటగాండ్రతో కలిసి మన దేశపు బిడ్డలు జీతము పుచ్చుకొని ఈ ఆట ఆడిరి. ఫోనులలో ఈ ఆటలు చూచిన పై తరగతుల బాలురు కొందరు, మన రాజధాని పేరు పెట్టుకొన్న జట్టు గదా, మాకును అందు చోటుండునా యని అడుగుచున్నారు. వారికిని, వారి తలిదండ్రులకును కలిపి యొకే సమాధానము చెప్పుట మంచిదని తోచినది.

రగ్బీ యన నేమో యెరుగని పెద్దల నిమిత్తము ముందుగా కొంచెము వివరింతుము. ఇది కోడిగ్రుడ్డు ఆకారముగల బంతితో ఆడు ఆట. పూర్తి ఆటకు ఒక్కొక్క ప్రక్క పదునైదుగురు, 80 నిమిషములు. బంతిని చేతబట్టి పరుగెత్తవచ్చును గాని, తోటివానికి చేతితో ముందువైపునకు విసరరాదు. ప్రక్కకో వెనుకకో అందింపవలెను. ఎదుటివారు బంతిగలవానిని నడుము పట్టి, కాళ్ళు పట్టి నేల గూల్చుదురు. గీత దాటి బంతిని నేలకు తాకించినచో ట్రై అందురు. దానికి 5 గుణములు. ప్రక్కకు ఏడుగురు చొప్పున ఆడు పొట్టి ఆట యొకటి కలదు. ముంబయిలో ఆడినదియు, 2016వ సంవత్సరమునుండి ఒలింపిక్కులలో ఆడబడుచున్నదియు ఆ పొట్టి ఆటయే. కూతకు వచ్చినవాని చీలమండ నొకడు, నడుము నొకడు పట్టి నిలుపు మన కబడ్డీ ఆటగానికి ఈ ఆటలో సగము విద్య ముందే వచ్చియుండునని చెప్పిన అతిశయోక్తి గాదు.

ఇది మన దేశమునకు బొత్తిగా క్రొత్త ఆటయు గాదు. కలకత్తాలోని తెల్లదొరలు 1873వ సంవత్సరమున రగ్బీ సంఘము నొకదానిని స్థాపించిరి. కొలది సంవత్సరములలో అది మూతపడగా, బ్యాంకులోనున్న సొమ్మును వెండి రూపాయలుగా తీసి, కరగించి, నాగుబాముల పిడులును, మూతపై ఏనుగును గల పాత్ర నొకటి చేయించి ఇంగ్లండునకు పంపిరి. 1879 మొదలు ఇంగ్లండు, స్కాట్లండు జట్లు దానికై పోరాడుచున్నవి. దాని పేరు నేటికిని కలకత్తా కప్పే. మన రూపాయలు కరగి పరదేశపు బహుమానమైనవన్నమాట. అవి యేయే చేతులు మారి ఆ పెట్టెలో పడెనో ఎవ్వరును వ్రాసిపెట్టలేదు.

ఇక ఈ ఆటలో జీతము ప్రవేశించిన కథకు వత్తము. ఇది భూపాలపల్లివారు ప్రత్యేకముగా వినదగినది. మొదట రగ్బీని ఆడినవారు ధనికుల పాఠశాలల బాలురు. పిమ్మట అది ఉత్తర ఇంగ్లండులోని బొగ్గుగనులకును, నూలుమిల్లులకును ప్రాకినది. ఆ కార్మికులు శనివారము కూడ పని చేయువారు. ఆటకు పొరుగూరు పోవలెనన్న పని మానవలెను. మానినచో కూలి పోవును. మస్టరు పడనిదే కూలి లేదన్న మాట సింగరేణి కార్మికునకు ఒకరు చెప్పవలసిన పని లేదు గదా! ఆటవలన పోయిన ఆ కూలి మాత్రము ఇప్పింపుడని ఉత్తరపు సంఘములు అడిగినవి. లండనులోని పెద్దలు ఒప్పుకొనలేదు. ఆటకు డబ్బు ముట్టినచో ఆట మైలపడునని వారి వాదము. తాతలనాటి ఆస్తి తినుచు కూర్చుండువారికి ఈ ధర్మపన్నము పలుకుట సులభమే.

1895వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీని హడర్స్‌ఫీల్డు పట్టణమున జార్జి హోటలులో ఉత్తరపు సంఘములవారు సమావేశమై వేరుపడిరి. 22 సంఘములు చీలిపోయినవి. వారు కోరినది రాజభోగము గాదు. పోయిన పనిదినమునకు ఆరు షిల్లింగులు. ఆ చీలికనుండియే రగ్బీ లీగు అను రెండవ ఆట పుట్టినది. మొదటిది రగ్బీ యూనియను అను పేరుతో, జీతము ముట్టరాదను నియమముతో మిగిలినది. ఆపై వేల్సుదేశపు బొగ్గుగనులలో పుట్టిన ఆటగాడెవడైనను ఇంటి దరిద్రము భరింపలేక ఉత్తరమునకు పోయి జీతమునకు ఆడినయెడల, అతనికి సొంత ఊరి రగ్బీసంఘమున ఆడుటకు మరల తలుపు మూయబడెడిది. కూటికై పోయినవానిని వెలివేయుట యన్నమాట. ఈ సంగతి చదివినప్పుడెల్ల మాకు కోపము వచ్చును. వేలకొలది జనులు టిక్కెట్లు కొని చూచు ఆటలో, చెమటయోడ్చువానికి తప్ప తక్కిన వారందరికిని డబ్బు ముట్టవచ్చునట!

ఈ కట్టుబాటు పూర్తిగా సడలుటకు నూరేండ్లు పట్టెను. సరిగా లెక్కించిన నూరేండ్లకు మూడు దినములు తక్కువ. 1995వ సంవత్సరము ఆగస్టు 26వ తేదీని పారిసు నగరమున రగ్బీ యూనియను పెద్దలు ఇకమీదట ఆటగాండ్రు జీతము పుచ్చుకొనవచ్చునని ప్రకటించిరి. కావున రగ్బీ యూనియను ఆటగాడనెడి వృత్తి ఆ దినముననే బహిరంగముగా పుట్టినదని చెప్పవచ్చును. మన బాలుర తండ్రులలో అనేకులకంటె ఈ వృత్తి వయస్సులో చిన్నది.

ఆ మొదటి తరమువారిలో లోకమంతయు ఎరిగిన పేరు జోనా లోము. ఇతని తలిదండ్రులు టోంగా దీవులనుండి న్యూజిలాండునకు వలసవచ్చినవారు. ఆక్లండు నగరపు శివారులలో అల్లరిబిడ్డగా పెరుగుచున్న ఇతనిని వెస్లీ కాలేజి యను మెథడిస్టు వసతి పాఠశాలలో చేర్పించిరి. అచట ఆటయు, క్రమశిక్షణయు అలవడినవి. ఆరడుగుల అయిదంగుళముల పొడవు, అందుకు తగిన బరువు, పరుగుపందెమువాని వేగము. 1994వ సంవత్సరమున 19 ఏండ్ల వయస్సున దేశపు జట్టులో చేరెను. మరుసటి యేడు జూను 18వ తేదీని కేప్‌టౌనులో ప్రపంచపు కప్పు పోటీలలో ఇంగ్లండుపై ఒక్క ఆటలో నాలుగు ట్రైలు చేసెను. అడ్డువచ్చినవారిని త్రోసికొనుచు, ఒకనిమీదుగా తొక్కుకొని పోయిన ఆ దృశ్యమును టెలివిజనులో చూచినవారు మరువలేదు. జీతములిచ్చి ఈ ఆటను నడిపినచో జనులు చూతురని ధనవంతులకు నమ్మకము కలిగించిన వారిలో ఇతడు ముఖ్యుడు.

ఇట్టివాని కథ ఇచటనే ఆపి, చూచితిరా ఆట మహిమ యని చెప్పుట పత్రికలకు వాడుక. మేము మిగిలినది కూడ చెప్పెదము. ఆ 1995 చివరనే అతనికి మూత్రపిండముల వ్యాధియున్నట్లు వైద్యులు కనుగొనిరి. దానితోనే పోరాడుచు దేశము తరపున 63 ఆటలాడి 37 ట్రైలు చేసెను. 2002వ సంవత్సరమున 27 ఏండ్లకే దేశపు జట్టులో అతని ఆట ముగిసినది. 2004లో ఒక మిత్రుడు దానమిచ్చిన మూత్రపిండమును అతనికి అమర్చిరి. 2015వ సంవత్సరము నవంబరు 18వ తేదీని 40 ఏండ్ల వయస్సున మరణించెను. అంతటి ప్రఖ్యాతుడు పోయిన పిదప ఇద్దరు పసిబిడ్డలకు మిగిల్చిన ధనము లేదని తెలిసి, ఆటగాండ్ర సంఘమువారు వారికొరకై యొక నిధిని ఏర్పరుపవలసి వచ్చెను. వ్యాధి ఎవరికైనను రావచ్చును. దానికి ఆటను తప్పుపట్టము. కాని ఎనిమిదేండ్ల సంపాదన నలుబదేండ్ల బ్రదుకునకు చాలునట్లు ఎవరు కూడబెట్టి యుంచవలెను? ఇరువదేండ్ల కుర్రవానికి ఆ లెక్క తనంతట తోచదు. దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని మన సామెత. ఆ దీపము ఎంతసేపు వెలుగునో ఆటగానికి ఎవ్వరును చెప్పరు.

దేహపు కష్టము ఇంకొకటి కలదు. స్టీవ్ థాంప్సన్ అను నతడు 2003వ సంవత్సరమున ప్రపంచపు కప్పు గెలిచిన ఇంగ్లండు జట్టులో ముందువరుస ఆటగాడు. 2020వ సంవత్సరమున, 42 ఏండ్ల వయస్సున, తనకు మతిమరుపు రోగము ప్రారంభమైనదనియు, ఆ కప్పు గెలిచిన ఆట తనకు జ్ఞాపకమే లేదనియు అతడు బహిరంగముగా చెప్పెను. ఏండ్లతరబడి తలకు తగిలిన దెబ్బలే కారణమని అతడును, అతని వంటి మరికొందరును ఆటను నడుపు సంఘములపై వ్యాజ్యము వేసిరి. తలకు దెబ్బ తగిలినవానిని వెంటనే మైదానమునుండి తీసి పరీక్షింపవలెనను నియమములు ఆ ఆటలో ఇటీవల గట్టిపడినవి. మన ఊళ్ళలోని కబడ్డీ పందెములలో తల నేలకు కొట్టుకొన్నవాని ముఖముమీద నీళ్ళు చల్లి, వీపు తట్టి, తిరిగి కూతకు పంపుట మనమందరము చూచుచున్నదే. అది మగతనమని చప్పట్లు కొట్టుదుము. ఈ దురాచారము ముందు మన పాఠశాలల మైదానములలో నిలువవలెను. దీనికి డబ్బు ఖర్చు లేదు.

ఇంతవరకు పరదేశపు మాట. మన యింటి ఆటయగు కబడ్డీ 2014వ సంవత్సరమున లీగు పోటీలతో వృత్తియైనది. ఆ మొదటి యేటి వేలములో అందరికంటె ఎక్కువ పలికిన ఆటగాని వెల 12 లక్షల 80 వేల రూపాయలు. 2023వ సంవత్సరమున మన తెలుగు టైటాన్సు జట్టువారు పవన్ సెహ్రావత్ అను ఢిల్లీ ఆటగానికి 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలు పెట్టిరి. తొమ్మిదేండ్లలో వెల ఇరువది రెట్లు పెరిగినది! ఈ అంకె మన బాలురందరికిని కంఠస్థమే. వారు జ్ఞాపకముంచుకొనని సంగతి యొకటి కలదు. అంతకు ముందటి యేడు, 2022లో, ఇతనినే తమిళ్ తలైవాస్ జట్టువారు 2 కోట్ల 26 లక్షలకు కొనగా, మొదటి ఆటలోనే మోకాలికి దెబ్బ తగిలి ఆ యేడంతయు ఆడలేకపోయెను. అతడు ప్రసిద్ధుడు గనుకను, రైల్వేల తరపున ఆడినవాడు గనుకను నిలద్రొక్కుకొని, మరుసటి యేడు దేశపు జట్టుకు నాయకుడై ఆసియా క్రీడలలో బంగారు పతకము గెలిచెను. పేరులేని పదునెనిమిదేండ్ల కుర్రవాని మోకాలే విరిగియుండినచో? ఏరు దాటి తెప్ప తగులబెట్టు లోకములో వాని పేరు మరుసటి యేటి పట్టికలో ఎవరు వెదకుదురు?

కూతురును ఆటకు పంపుటకు భయపడు తల్లులు మనలో అనేకులు. వారు కల్లెడ సంగతి వినవలెను. మన జిల్లాలు మూడును 2016వ సంవత్సరము అక్టోబరువరకు చాలమట్టుకు వరంగల్లు జిల్లాలోనివే గదా. ఆ వరంగల్లు జిల్లా పర్వతగిరి మండలమున, మహబూబాబాదు పొలిమేరలకు దూరముగాని పల్లె కల్లెడ. ఆ యూరి కూలివారి బిడ్డ జీవాంజి దీప్తి. చిన్ననాడు ఆమె రూపమును బట్టియు, బుద్ధి నెమ్మదితనమును బట్టియు ఇరుగుపొరుగువారు పలికిన మాటలు వ్రాయ మనసొప్పదు. పరుగు నేర్పిన నాగపురి రమేశుగారి శిక్షణలో ఆమె 2024వ సంవత్సరము మే నెలలో జపానుదేశపు కోబె నగరమున 400 మీటర్ల పరుగును 55.07 సెకనులలో ముగించి తన తరగతిలో ప్రపంచపు రికార్డు నెలకొల్పెను. సెప్టెంబరులో పారిసు పారాలింపిక్కులలో కంచు పతకము గెలిచెను. పిదప రాష్ట్రప్రభుత్వమువారు కోటి రూపాయలును, గ్రూపు-2 ఉద్యోగమును ప్రకటించిరి. కోటి రూపాయలకంటె ఆ ఉద్యోగపు మాటయే మాకు ఎక్కువ సంతోషము కలిగించినది. పతకము కోటు జేబులో ఎన్నాళ్ళుండునో గాని, ఉద్యోగము అరువదియేండ్లవరకు అన్నము పెట్టును.

పారిసు, 400 మీటర్లు అనగానే మా మనస్సు నూరేండ్లు వెనుకకు పోవును. 1924వ సంవత్సరమున అదే నగరమున అదే దూరమును 47.6 సెకనులలో పరుగెత్తి బంగారు పతకము గెలిచినవాడు ఎరిక్ లిడెల్. ఇతనిని పరుగువానిగా ఎరిగినవారు కలరు గాని, రగ్బీ ఆటగానిగా ఎరిగినవారు తక్కువ. 1922, 1923 సంవత్సరములలో స్కాట్లండు జట్టు తరపున ఏడు ఆటలాడెను. చీనాదేశమున పనిచేసిన మిషనెరీల కుమారుడు. ఆదివారము పరుగెత్తనని 100 మీటర్ల పందెమును వదలుకొన్న సంగతి మన విద్యార్థులకు తెలిసినదే. మేము జ్ఞాపకము చేయదలచినది వేరు. ఆ పతకము గెలిచిన కొలది దినములలోనే అతడు ఎడింబరో విశ్వవిద్యాలయమున బి.ఎస్‌సి. పట్టము పుచ్చుకొనెను. ఆటయు, చదువును ఒకే దేహమున, ఒకే యేట పండినవి. మరుసటి యేడు చీనాకు పోయి టియెంట్సిన్ పట్టణమున ఉపాధ్యాయుడయ్యెను. యుద్ధకాలమున జపానువారి నిర్బంధశిబిరములో 1945 ఫిబ్రవరి 21వ తేదీని మరణించువరకు అచటి పిల్లలకు పాఠములును, ఆటలును నేర్పుచునే యుండెను.

ఆ ఆదివారపు నియమమునే పాటించిన రగ్బీ ఆటగాడు ఇంకొకడు కలడు: న్యూజిలాండుకు చెందిన మైకేల్ జోన్స్. 1991వ సంవత్సరపు ప్రపంచపు కప్పులో ఆదివారము పడిన మూడు ఆటలలో, సెమీ ఫైనలుతో కూడ, అతడు ఆడలేదు. ఆ సెమీ ఫైనలులో అతని దేశము ఓడిపోయెను. 1995లో ఇదే కారణముచే అతనిని జట్టులోనే చేర్చుకొనలేదు. అతని నియమము అందరికిని ఉండవలెనని మేము చెప్పము. తాను అమ్మదలచినది ఆట యేనా, లేక ఇంకేమైననా యని ఆటగాడు సంతకము చేయకముందే తేల్చుకొనవలెనన్నదే మా తాత్పర్యము. వ్యాపారప్రకటనలలో ఏ సరకునైనను పొగడుదునా, నొప్పి తెలియకుండ సూదులు వేయించుకొని ఆడుదునా అనునవియు ఆ కోవలోనివే.

ఇంత చెప్పి, అందువలన ఆటకు పోవలదని అందుమా? అనము. ఒడిస్సాలోని అడవిపల్లెల బాలురు భువనేశ్వరములోని కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ వసతి పాఠశాలలో చదువుకొనుచు, బంతిని పట్టిన కొలది కాలములోనే 2007వ సంవత్సరమున లండనులో 14 ఏండ్ల లోపువారి అంతర్జాతీయ రగ్బీ పోటీ గెలిచి వచ్చిరి. మహబూబాబాదు తండాలలోని పిల్లలును, భూపాలపల్లి అడవులలోని గూడెముల పిల్లలును వారికంటె కాళ్ళలో గాని, గుండెలో గాని తీసిపోరు. బీహారు రాష్ట్రపు స్వీటీ కుమారి యను చిన్నది పరుగుపందెములనుండి రగ్బీకి వచ్చి, 2019లో స్త్రీల రగ్బీని గూర్చి వ్రాయు విదేశపు పత్రికవారిచే ఆ యేటి యువక్రీడాకారిణిగా ఎన్నుకొనబడెను. ఫీజీదీవులవారు 2016లో ఒలింపిక్కు బంగారు పతకము గెలిచినపుడు, వారి ప్రభుత్వము ఆ జట్టు చిత్రముతో ఏడు డాలర్ల నోటు ముద్రించినది. చెరకుతోటల కూలికై మదరాసు రేవునుండి పడవలెక్కిపోయిన మన తెలుగువారి మనుమలును, మునిమనుమలును ఆ నోటును చేతబట్టియుందురు.

మా ఆక్షేపణ ఆటపై గాదు. ఆటగానిని మనము పెంచు తీరుపై. జిల్లా పోటీలలో కప్పు తెచ్చిన బాలునికి తరగతికి రాకున్నను హాజరు వేయుట, పరీక్షలో చూచిచూడనట్లుండుట కొన్ని పాఠశాలలలో దయగా ఎంచబడుచున్నది. ఇది దయ గాదు, ద్రోహము. మోకాలు విరిగిననాడు వానికి మిగులునది ఆ చదువు ఒక్కటే. దానిని ముందే మనము వానిచేతినుండి లాగికొనుచున్నాము. ఆడువానికి ఉదయమున గాని రాత్రి గాని వేరుగా పాఠము చెప్పవలెను. పోటీలకు పోయినప్పుడు పుస్తకమును, ఉపాధ్యాయుని ప్రశ్నలును వెంట పంపవలెను. ఉపాధ్యాయులకిది అదనపు పని యని మేమెరుగుదుము. హకీంపేటలోని ప్రభుత్వ క్రీడాపాఠశాల ఉద్దేశము గూడ చదువును ఆటను ఒక కప్పు క్రిందనే నడుపుటయే గదా. అట్టి చోట సీటు దొరికినవారు అదృష్టవంతులు. దొరకని వందలమంది మాటయే మన మాట.

రగ్బీ లీగులో స్థానములు వ్రేళ్ళపై లెక్కించునన్ని. మొదటి యేటి పోటీలు జరిగినది పక్షము దినములు మాత్రమే. పక్షము దినముల జీతముతో సంవత్సరమెల్ల గడుపుట ఎట్లు? ఈ దేశమున ఆటగానికి ఇల్లు గడుపునది చాలకాలమునుండి రైల్వేలు, పోలీసులు, సైన్యము, బొగ్గుగనులవంటి సంస్థలిచ్చు ఉద్యోగమే. కాజీపేట, డోర్నకలు జంక్షనులను దాటి దినమును బండ్లలో పోవుచున్న మన బాలురు, ఆ రైల్వేలలో ఆటగాండ్రకు ప్రత్యేకముగా కొన్ని ఉద్యోగములున్నవని ఎరుగరు. ఎరిగినను, అందులకు కనీసపు చదువు కావలయునని ఎవ్వరును వారికి చెప్పరు. లీగును పండుగగా ఎంచి, ఉద్యోగమును పంటగా ఎంచువాడు తెలివిగలవాడు.

ఇక తలిదండ్రులతో ఒక మాట. ఏదో యొకనాడు ఒక పెద్దమనిషి తెల్లని కారులో మీ వాకిటికి వచ్చును. మీ వాని ఆట చూచితిననును, పట్టణమునకు పంపుడనును, కాగితము చూపును. అతడు మంచివాడే కావచ్చును. మీరు ఆయనకు మంచినీళ్ళిచ్చి, కూర్చుండబెట్టి, తొందరపడక అడుగుడు. ఇది ఎన్ని నెలల ఒప్పందము? జీతము నెలనెల ఇత్తురా, ఆట ముగిసిన పిదపనా? మా వాడు పదవ తరగతి పరీక్ష ఎచట వ్రాయును, రుసుము ఎవరు కట్టుదురు? తలకు దెబ్బ తగిలినచో ఆట ఆపు అధికారము వైద్యునిదా, శిక్షకునిదా? మీ వంతు దలాలి ఎంత? మోకాలు విరిగినచో ఆసుపత్రి ఖర్చు ఎవరిది, బీమా ఎవరి పేర నున్నది, మంచములోనున్న నెలలకు జీతము వచ్చునా? కాగితము ఇంగ్లీషులోనుండినయెడల పాఠశాలకు తెచ్చి చదివించుకొనుడు. ఉపాధ్యాయులలో ఎవరైనను సంతోషముగా చదివి తెలుగున చెప్పుదురు. వచ్చిన పెద్దమనిషి అంతవరకు ఆగలేనన్నయెడల, పోనిండు.